ముక్కల బొంతకు రంగుల కూర్పు

ముక్కల బొంత కుట్టాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది, ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలని. నా మటుకు నాకు అది రెండో ప్రశ్న. చేతిలో ఉన్న గుడ్డల్లో ఏవి ఒకదానితో ఒకటి కలిసి మన్నుతాయో ముందు తేల్చుకోవాలి. కట్టి కట్టి మెత్తబడిన వెంకటగిరి చీర ముక్కను దళసరి దుప్పటి ముక్కకు జతచేసి కుడితే, నాలుగు ఉతుకులకే కుట్టు వెంబడి సన్నగుడ్డ చిరుగుతుంది. అందుకని చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసి, పలచబడిన చోట్లను వదిలేసి, గట్టిగా ఉన్న భాగాలనే కత్తిరించుకోవాలి. నడుము దగ్గర దోపుకునే లోపలి చెరగుకు ఎండ అంతగా తగలదు కనుక దాని రంగు కొనినప్పటిలాగే ఉంటుంది. పైకి కనిపించే భాగం మాత్రం వెలిసిపోతుంది. ఒకే చీరలో ఇలా రెండు ఛాయలు దొరకడం బొంత కుట్టేవారికి లాభమే, ఎందుకంటే అంత చక్కగా కుదిరే జత బజారులో వెతికినా దొరకదు.

ఇక రంగుల విషయానికి వస్తే, ఎరుపా పచ్చా అన్నదానికన్నా, లేతా ముదురా అన్నదే బొంతకు రూపం ఇస్తుంది. కుంకుమ ఎరుపు, ముదురాకుపచ్చ పక్కపక్కన పెడితే చేతిలో ఉన్నప్పుడు కొట్టొచ్చినట్టు వేరుగా కనిపిస్తాయి గానీ, వాటిని ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తే రెండూ ఒకే బూడిదరంగు మచ్చలుగా కలిసిపోతాయి. మంచం మీద పరిచి గుమ్మం దగ్గర నిలబడి చూసినప్పుడూ దాదాపు అదే జరుగుతుంది. ఎంతో శ్రమపడి పేర్చిన చదరాల అమరిక తెలియనే తెలియదు. వంగపండు రంగు పక్కన మామిడిపండు పసుపు, నేరేడు రంగు పక్కన గంధం రంగు ఉంటే ఆ ఇబ్బంది రాదు. ముక్కలన్నిటినీ ముందు లేత, నడిమి, ముదురు అని మూడు కుప్పలుగా వేసుకున్నాకే నేను రంగుల పేర్ల జోలికి పోతాను.

లెక్క కూడా అప్పుడే చూసుకోవడం మేలు. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉండే బొంతకు 6 అంగుళాల చదరాలు అడ్డంగా 10, నిలువుగా 15, మొత్తం 150 కావాలి. నాలుగు వైపులా కుట్టుకు పావు అంగుళం చొప్పున వదలాలి కాబట్టి ఒక్కో ముక్కను ఆరున్నర అంగుళాలకు కత్తిరించాలి. లేతా ముదురూ ఒకటి విడిచి ఒకటి పేర్చదలిస్తే చెరో 75 ఉండాలి. మన ఇళ్ళలోని పాత చీరల్లో ముదురువే ఎక్కువగా తేలతాయి గనుక, లేతవాటికి పాత పంచెలు, లాల్చీలు అక్కరకొస్తాయి.

డిజైన్ల దగ్గర నా పట్టుదల ఒక్కటే: మూడో వంతుకు తగ్గకుండా సాదా గుడ్డ ఉండాలి. అంచు తీసేసిన సాదా మంగళగిరి గుడ్డ ఇందుకు చక్కగా సరిపోతుంది. అన్నీ పూలూ లతలే అయితే కంటికి నిలిచే చోటుండదు. పెడన కలంకారీలోని పెద్ద లతలు తాను మీద ఎంత అందంగా ఉన్నా, ఆరంగుళాల చదరంలోకి వచ్చేసరికి సగం ఆకు, ఒక తొడిమ మాత్రమే మిగులుతాయి. చిన్న బుటాలున్న గుడ్డను ముక్కలు చేసినా దాని అందం చెడదు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే పోగులకు రంగు అద్దుతారు కాబట్టి రెండువైపులా ఒకేలా ఉంటుంది, తిరగేసి కుట్టినా ఫరవాలేదు. నారాయణపేట గళ్ళను మాత్రం పోగు వెంబడే కత్తిరించాలి. కాస్త వంకర పోయినా గీతలే పట్టిస్తాయి.

కత్తిరించే ముందు ప్రతి గుడ్డనూ, ముఖ్యంగా కొత్తదాన్ని, విడివిడిగా ఉతికి ఆరేయాలి. కొత్త నూలుగుడ్డ కుంచించుకుపోతుంది. పైగా ఎరుపు, నీలిరంగు గుడ్డలు పక్కనున్న లేత ముక్కలకు రంగు అంటిస్తాయి. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే ఏది రంగు వదులుతుందో తెలిసిపోతుంది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు గానీ, నేను దాన్ని నమ్మను. మిగులు రంగంతా పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడిస్తాను. అప్పటికీ వదులుతూనే ఉంటే ఆ గుడ్డ ఎంత నచ్చినా బొంతలో వేయను.

అడుగున వేసే గుడ్డకు చాలామంది మిగిలిన చీరేదో తోచినట్టు వాడేస్తారు. పై ముక్కల్లో సన్ననివి, లేతవి ఉంటే ముదురు అడుగుగుడ్డ నీడ వాటిలోంచి కనబడుతుంది గనుక, మధ్యలో పాత తెల్ల దుప్పటి ఒకటి పరిచి కుట్టడం మంచిది. చుట్టూ వేసే గోటుకు నేను ముదురు రంగునే ఎంచుతాను, ఎందుకంటే చేతులు పడేదీ, ముందుగా మాసేదీ అదే.