ట్యూబు వెనుక చిన్న అక్షరాలు

పాత అక్వేరియం మూలల్లో నీరు కారకుండా పూసిన సిలికాన్ జిగురును బ్లేడుతో గీకడం ముగించి కొత్త ట్యూబు చేతిలోకి తీసుకుంటే, ముందువైపు ‘100 శాతం సిలికాన్’ అని పెద్దగానూ, వెనుక ‘బూజు నిరోధకం’ అని అతి చిన్నగానూ ముద్రించి ఉంది. మూత తీయకుండానే పక్కన పెట్టేశాను.

స్నానాల గదుల కోసం చేసే సీలెంట్లలో, అంటే సందులు పూడ్చే జిగురుల్లో, బూజు పట్టకుండా శిలీంద్ర నాశకాలు కలుపుతారు. అవి మెల్లగా నీటిలోకి దిగి చేపలకు హాని చేయగలవు. ‘100 శాతం’ అన్న మాట ఆ రసాయనాలు లేవని హామీ ఇవ్వదు. అక్వేరియంకు పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా రాసిన ట్యూబునే నమ్మాలి.

ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే అసిటాక్సీ రకం గాజును గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఘాటు అసిటిక్ ఆమ్లానిది కనుక, పూర్తిగా ఆరేసరికి పోతుంది. నలుపా, పారదర్శకమా అన్నది కేవలం అభిరుచి.

నేను పాత పొరను అంత ఓపికగా గీకడానికి కారణం, ఆరిపోయిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ సరిగా అంటుకోకపోవడమే. పైగా ఇది గాలిలోని తేమతో బయటినుంచి లోపలికి గట్టిపడుతుంది. నిమిషాల్లో పైన పొర కట్టినా, లోపల రోజుకు సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు మాత్రమే ఆరుతుంది. అక్వేరియంకు తగిన ట్యూబు తెచ్చి పూశాక, వేలికి అంటడం లేదు కదా అని ఇంట్లోవాళ్లు తొందరపెడుతున్నారు గానీ, వారం గడిచేదాకా అక్వేరియంలో నీళ్లు పోయబోను.