మా గేటు లోపల రేట్లే వేరు

సంపు మోటరు మల్ల కాలింది. రాస్తున్నది దాని గురించి కాదు, కరెంటు ఎక్కువ తక్కువ అయితే కాలుడు దానికి అలవాటే. రాస్తున్నది వైండింగ్ చేసినతను చెప్పిన రేటు గురించి. 2,200. పోయిన నెలనే పక్కింటి వదిన వాళ్ల మోటరు చేసిచ్చిండు. అది గూడ ఒక హెచ్‌పీనే, చేసింది గూడ ఇదే మనిషి. వాళ్ల దగ్గర 1,600 తీసుకున్నడు. ఇంట్ల అందరు పండుకున్నరు, నాకు మాత్రం నిద్ర పడ్తలేదు.

రేటు చెప్పే ముందు అతను ఎటు చూసిండో నేను చూసిన. మోటరు గచ్చు మీద పెట్టి, చేతుల గ్రీజు పాత బనీను ముక్కతోటి తుడుచుకుంట షెడ్డు దిక్కు చూసిండు. నా ఎర్ర ఆడి కారు మీది కవరు ముందరపక్క కొద్దిగ లేచి ఉన్నది, దాని నాలుగు రింగులు కనబడుతున్నయి. ఒక్క నిమిషం అట్ల చూసి, మల్ల మోటరు దిక్కు తిరిగి, "రాగి రేటు బాగ పెరిగిందక్కా, ఇరవై రెండు వందలైతది" అన్నడు.

"వదిన వాళ్ల మోటర్ల చుట్టింది గూడ రాగి తీగెనే కద తమ్మీ?"

"వాళ్లది వేరే అక్కా."

ఏం వేరో చెప్పలే. ట్యాంకుల చుక్క నీళ్లు లేవు, ఇచ్చేసిన.

మా ఆయనకు చెప్తే, "ఆరు వందలకు గంత రంది దేనికి? నీ బండికి వీల్ బోల్టులు గూడ రావు ఆ పైసలకు" అన్నడు. ఆ మాటనే ఎక్కువ గుచ్చుకున్నది. బండి లెక్క బండిదే, ఇంటి లెక్క ఇంటిదే అని నేను ఎన్నిసార్లు చెప్పిన. పుస్తకంల ఎడమ దిక్కు ఇల్లు, కుడి దిక్కు ఎర్రది. ఎడమ దిక్కు పైసా కుడి దిక్కుకు ఎన్నడు పోలే. చిన్నోని ఫీజు గానీ, అత్తమ్మ షుగరు మందులు గానీ ఎర్రదాని కొరకు ఒక్క రోజు ఆగలే.

ఆ కుడి పేజీ అంటే నాకు భయం లేదు. ఏడాది ఖర్చును పన్నెండు ముక్కలు చేసి నెలనెలా పక్కకు తీస్తనే ఉన్న. ఇన్సూరెన్సుల, ఎదుటోళ్లకు అయ్యే నష్టానికి కట్టే థర్డ్ పార్టీదే 7,897, జీఎస్టీ కాక. 1500 సీసీ దాటిన ఏ ప్రైవేటు కారుకైనా అంతే, దాంట్ల నాకు ప్రత్యేకంగ పడ్డ భారం ఏం లేదు. మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజీ వేరే. బంపరుకు చిన్న గీత పడ్డా, మూల విరిగినా క్లెయిముకు పోను. ప్లాస్టిక్, రబ్బరు సామాను ఖరీదుల సగం కోసేసి ఇస్తరు, పైగా పాత ఆల్టో మీద కూడబెట్టి దీనికి మార్పిచ్చుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిముకు పోనందుకు ప్రీమియంల ఇచ్చే తగ్గింపు, ఒక్క దెబ్బకు పోతది. గేరుబాక్సు ఆయిలు 60,000 కిలోమీటర్లకు ఒకసారి, ఆ పైసలు ఇప్పటికే జమ అయినయి. టైర్లదే కొంచెం బరువు. ఇంజను బలం నాలుగు చక్రాలకు పోతది గనక నాలుగు టైర్లు ఒక్కతీరుగ అరిగి ఉండాలె. ఒకటి పాడైతే ఒకటే మారుస్త అంటే కుదరదు. ఆ సైజుల నాలుగు టైర్లంటే అరవై వేలు పైమాటే. నల్లగొండల దీని మీద చెయ్యి పెట్టేటోళ్లు లేరు, సర్వీసుకు హైదరాబాదు పోవాలె, పోంగ రాంగ పంతంగి దగ్గర టోలు, లీటరు 107 రూపాయల మీద పెట్రోలు. ఇవన్నీ ముందే తెలిసి కొన్నయి. తెలిసిన ఖర్చు ఎంత పెద్దదైనా నిద్ర చెడగొట్టదు.

నిద్ర చెడగొట్టేది కుడి పేజీల రాయలేంది, ఎడమ పేజీలకు చెప్పకుండ వచ్చి కూసునేది. వినాయక చవితి చందాకు పిల్లలు పుస్తకం పట్టుకొని వచ్చినప్పుడు మా పేరు ముందర అంకె ముందే రాసి ఉన్నది, ఐదు వేల నూట పదహార్లు. అదే వీధిల మాకంటె పెద్ద ఇండ్లోళ్లకు వెయ్యిన్నూటపదహార్లు. బాత్రూం తలుపు రెక్క కింద ఉబ్బిందని వడ్రంగిని పిలిస్తే, తలుపు కంటె ముందు షెడ్డు చూసి వచ్చిండు. పెండ్లిల సదివింపుల దగ్గర నేను కవరు ఇస్తుంటే మా చిన్నత్త చెవుల వచ్చి, "మీ అంతటోళ్లు గింతేనా అనుకుంటరు బిడ్డా" అన్నది. ప్రకాశం బజారుకు కూరగాయలకు నడుచుకుంటనే పోత గనక అక్కడ మాత్రం నాకు అందరి రేటే. చేబదులు అడిగేటోళ్ల సంగతి రాయను, వాళ్లల్ల కొందరు ఇది చదువుతరు.

ఇయ్యాల రాత్రి పుస్తకం ముందర పెట్టుకొని, ఎడమ పేజీల ఒక కొత్త గీత గీసి, మీద "బండి మొఖం చూసి" అని రాసి, ఇట్లాంటివన్నీ దాని కిందికి తెద్దామనుకున్న. మోటరు ఆరు వందలు, చందా నాలుగు వేలు, తలుపు ఇంకా తేలలే. నెలాఖరుకు కూడి మా ఆయన ముందర పెడ్త, అప్పుడన్న అర్థమైతది గద అని. ఇక్కడిదాక రాసినంక నాయిన బండి యాదికొచ్చింది.

మా నాయిన యెజ్డీ. మునుగోడు దిక్కు మా ఊర్ల అప్పుడు బడి సార్లల్ల మోటర్ సైకిల్ ఉన్నది నాయినకొక్కనికే. దానికి కిక్కు కొట్టే రాడే గేరు రాడు గూడ. స్టార్టు కాంగనే కాలితోటి దాన్ని ముందటికి మలిపి గేరు చేసేటోడు. ఆ మలిపే పని చూడనీకి నేను బడికి తయారై వాకిట్ల నిలబడేదాన్ని. టూ స్ట్రోక్ ఇంజను కద, పెట్రోల్ల ఆయిలు కలుపాలె. నల్లగొండ నుంచి ఆయిలు డబ్బ తెచ్చి అటక మీద పెట్టేటోడు, పాత దగ్గు మందు సీసకు గీతలు గీసి దాంతోటే కొలిచి పోసేటోడు. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదనే అమ్మ పెట్రోలు లెక్క గూడ రాసేది, పాలకు టిక్కు, పెట్రోలుకు సున్న. నెలాఖరుకు సున్నలు ఎక్కువైతే ఆ వారం ఇంట్ల పప్పుచారు, చింతకాయ తొక్కు.

సున్నలన్నీ మాయి గావు. ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి పాము కరిచినా ముందు మా తలుపే కొట్టేటోళ్లు. ఒక వానాకాలం రాత్రి పంచరు దుకాణమాయన తల్లికి దమ్ము ఎక్కువైంది. నాయిన ముందర, ముసలమ్మ నడుమ, వెనుక ఆయన పట్టుకొని, ఆ గుంతల రోడ్డు మీద నల్లగొండ పెద్దాసుపత్రికి తీస్కపోయిండ్రు. తెల్లారినంక నాయిన బురదతోటి వచ్చి మెట్ల మీదనే కూలబడ్డడు. అమ్మ మాట్లాడకుండ చాయ్ ఇచ్చి, క్యాలెండరు మీద సున్న చుట్టింది. "బండి కొన్నది మనం, ఊరికి కొన్నట్టున్నది" అని అమ్మ ఎప్పుడు అనే మాట. నాయిన దానికి ఎన్నడు జవాబు ఇయ్యలే. ఆ తర్వాత పంచరాయన నాయిన దగ్గర పైస తీసుకోలే. టైరు విప్పి, ట్యూబు నీళ్ల తొట్టిల ముంచి, బుడగ లేచిన కాడ అతుకు వేసి, గాలి గొట్టి, "పో సారూ" అనేటోడు. శనక్కాయ తీసినప్పుడు ఒకరు గంపెడు శనక్కాయ, సీతాఫలాలప్పుడు ఒకరు సంచెడు పండ్లు వాకిట్ల పెట్టి పోయేటోళ్లు. అమ్మ అవి గూడ క్యాలెండరు మీద రాసిందా అంటే యాదికి లేదు. రాసి ఉండదు.

యెజ్డీ మా గేటు ముందర ఉంటే రేటు తగ్గేది. ఎర్రది ఉంటే పెరుగుతున్నది. ఇది రాస్తుంటే నాకే వేరే తీరుగ అనిపిస్తున్నది. మోటరు తమ్మికి నా బండి దేనికి అక్కరకొస్తది? వెనుక సీట్లల్ల పెద్దమనిషి పట్టడు. వాళ్ల అమ్మను ఆసుపత్రికి తీస్కపోవాలంటే 108 ఉన్నది, ఆటో ఉన్నది. మా షెడ్డుల ఉన్నదాంట్ల ఊరికి వాటా లేదు. వాటా లేని సొమ్మును చూసి మనిషి ఇంకేం లెక్కగడతడు, దాని ఖరీదునే లెక్కగడతడు. కొత్త గీత గీసుడు ఆపిన. అతని మీద కోపం సగం దిగింది.

మిగిలిన సగం దిగదు, దిగొద్దు గూడ. మా కాలనీల తెల్ల ఫార్చ్యూనర్లు ఉన్నయి. నేను పదేండ్ల పాత బండి కొన్న పైసలకు అట్లాంటిది కొత్తది రానే రాదు. ఆ ఇండ్లల్ల గూడ మోటర్లు కాలుతయి, తలుపులు ఉబ్బుతయి. అక్కడ ఈ తమ్మి 1,600 అంటడా, ఇంకా తగ్గిచ్చి చెప్తడా? ఆ బండి చూస్తే లీడరు యాదికొస్తడు, ఎక్కువ అడగనీకి నోరు రాదు. బైపాసు పక్కన ప్లాట్లు పెట్టుకొని టీవీఎస్ ఎక్సెల్ మీద తిరిగేటాయనకూ అందరి రేటే, ఆయన ఆస్తి షెడ్డుల కనబడదు గనక. ఆడమనిషి నడిపే ఎర్రబండి కాడికి వచ్చేవరకే అందరికి లెక్కలు గుర్తుకొస్తయి. పెట్రోలు బంకుల నేను కిటికీ దించి ఎంత కొట్టాల్నో చెప్తుంటే, పక్క సీట్ల కూసున్న మా ఆయన మొఖం చూసే అలవాటు ఇంకా పోలే. ఆరు వందలు ఇయ్యలేక కాదు. నా ఇష్టం మీద నేను కష్టపడి లెక్క కట్టుకుంటుంటే, దానికి ఇంకొకరు వచ్చి పన్ను వేస్తే నాకు సహించదు.

ఆదివారం పొద్దుగాల హాలియా మీదుగ సాగరు రోడ్డు ఎక్కి, పెద్దవూర దాటినంక ఆ గుట్టల నడుమ గాజు దించుకొని పోతే ఇవేవీ మతిల ఉండయి, అంతే.

ఇప్పుడు ఆ రోడ్డు మీద గూడ వడ్లు ఆరబోసిండ్రు. తేమ 17 శాతం దాటితే వడ్లు కొనే సెంటర్ల కాంటా పెట్టరు, రైతుకు ఇంకో జాగ ఏడున్నది? కుప్ప అంచులకు పెట్టిన రాళ్లు ఎత్తు బండ్లకు ఏం కావు, ఎర్రదాని బంపరు కింది అంచుకు మాత్రం తగులుతయి. కాంటాలు అయిపోయేదాక దాన్ని దూరం తీయను. బ్యాటరీ దిగకుండ గడియారం సెంటరు దాక ఒక తిప్పు తిప్పుకొస్త. మిగిలిన పెట్రోలు పైసలు టైర్ల జమల వేస్త, సంక్రాంతికల్ల నాలుగు టైర్లు అయిపోవాలె. వడ్రంగితోటి రేపు ఫోన్లనే మాట్లాడుత, రెక్క కొలత చెప్పి, పీవీసీదైతే ఎంత, కట్టెదైతే ఎంత, కూలి వేరేనా కలిపేనా అని అంతా ఒప్పిచ్చుకున్నంకనే ఇంటికి రమ్మంట. ఇగ నుంచి ఎవరినైనా అంతే.