ఆవం తెరిచిన మొనగాణ్ణి నేనే

కుడిచేతి మీద బొబ్బ ఇంకా మానలేదు. మానేలోపే రాసెయ్యాలి. తర్వాతైతే నన్ను నేను కాపాడుకుంటూ రాస్తాను.

నాకు కావలసింది ఒక నల్ల చట్టి. మా అమ్మమ్మ చేపల పులుసు కాచిన చట్టిలాంటిది. బజార్లో అడిగితే నలుపని చూపించినవాటిలో సగానికి రంగు పూశారు. తడిగుడ్డతో రుద్దితే గుడ్డకే అంటుకుంది. అన్నం వండుకునే పాత్రకు రంగు పూసి అమ్మేవాళ్ళను ఏమనాలో మీరే అనుకోండి. సరే, నేనే చేసుకుంటాననుకున్నాను. హైదరాబాదులో ఉద్యోగం చేసినప్పుడు రెండేళ్ళు శనివారాలు కుమ్మరి సారె మీద కుండలు చెయ్యడం నేర్చుకున్నవాణ్ణి. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ... సరే, గొప్పలే.

చెరువుమట్టి తెచ్చి, నానబెట్టి, జల్లించి పన్నెండు చట్లు చేసి నీడన పది రోజులు ఆరబెట్టాను. అక్కడిదాకా హాయి. ఒక్కటి మాత్రం చూసుకోండి, మట్టిలో నత్తగుల్ల ముక్క కందిగింజంత కూడా మిగలకూడదు. 850 డిగ్రీల దరిదాపుల్లో అది సున్నమవుతుంది. చట్టి బయటికొచ్చాక చెమ్మ పీల్చి ఉబ్బి, పైన పెచ్చు లేపేస్తుంది.

కాల్చడానికి కరెంటు బట్టీ కొన్నాను. "నలుపు కూడా వస్తుంది సార్" అని అమ్మాడు ఒకాయన. త్రీఫేజు కనెక్షన్ కోసం ఆఫీసుకు ఐదుసార్లు తిరిగాను. ఐదోసారి సీట్లో ఉన్నాయన "కుండలు కాల్చేదానికి కరెంటెందుకు, కట్టెల్లేవా?" అన్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది. 1000 డిగ్రీలు పెట్టి నాలుగు చట్లు కాలిస్తే నాలుగూ ఇటుక ఎరుపు. మన మట్టిలో ఇనుము ఉంటుంది, గాలి ధారాళంగా ఆడితే అది తుప్పు రంగుకే తిరుగుతుంది. కరెంటు బట్టీలో పొగ ఉండదు, ఉండేది గాలే. పొగ కోసం లోపల ఊక పోద్దామా అంటే కాయిల్ మీదున్న రక్షణ పొర పోయి కాయిలే పాడవుతుంది. ఇది అమ్మినాయనకు తెలియదా?

మిగిలిన ఎనిమిది చట్లు మూటగట్టుకుని నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఒక ఊళ్ళో కుమ్మరి పెద్దాయన దగ్గరికి పోయాను. మామా అని పిలుస్తాను. నెల్లూరు హోటలు వాళ్ళు పులుసుకని అడిగిన అరవై నల్ల చట్లు ఆ రోజే ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, పేరుస్తున్నాడు. నావీ మధ్యలో బోర్లించాడు. కింద పిడకలు, చిల్లకంప, పైన వరిగడ్డి, పెంకులు, ఆపైన మట్టి మెత్తి అక్కడక్కడ బొక్కలు. మధ్యాహ్నం దాకా మంట లేదు, సెగే. చట్టిలో మిగిలిన చెమ్మ మెల్లగా పోవాలి, తొందరపెడితే ఆవిరై చట్టిని పేల్చేస్తుంది. తర్వాత కంప ఎగదోశాడు. పొద్దుగూకే వేళకు బొక్కలోంచి చూసి "దానిమ్మ గింజ రంగొచ్చింది, ఇంక చాలు" అన్నాడు. వేడి కొలిచే నా మీటరు 790 డిగ్రీలు చూపిస్తోంది. "ఇంకో వంద ఎక్కిద్దాం మామా" అన్నాను. ఆయన మీటరు వైపు చూడను కూడా చూడలేదు.

తడి ఊక, పేడపొడి లోపలికి గుమ్మరించి బొక్కలన్నీ మట్టితో మూసేశాడు. పొగ ఎక్కడ కారితే అక్కడ ఒక ముద్ద. లోపల గాలి చాలక, ఆ పొగ మట్టిలో ఇనుము దగ్గరున్న ఆక్సిజన్నే లాక్కుంటుంది. ఎరుపు కాస్తా నలుపవుతుంది. మసి సందుల్లోకి దిగి కూచుంటుంది. "రేపు పొద్దెక్కినాక తీద్దాం. అందాకా దాని జోలికి పోబాక" అని మంచమెక్కాడు.

రాత్రి పదకొండు. మీటరు 560. నాకు నిద్ర రాలేదు. అరచేయంత పెళ్ళ లేపి ఫోను లైటు వేసి చూశాను. నలుపు! గంతేశాను. ఫొటో సరిగ్గా రాలేదని ఇంకో పెళ్ళ లేపాను. గాలి తగలడంతోనే, అంతసేపూ లోపల కుములుతున్న ఊక బుస్సున అంటుకుంది. చెయ్యి కాలింది. మూద్దామంటే ఎండిన పెళ్ళ పొడిపొడై లోపలే పడింది. నీళ్ళు తెచ్చి మట్టి కలిపి మూసేసరికి పావుగంట. అంత వేడిమీద గాలి తగిలితే మసి కాలిపోతుంది, నలుపెక్కిన ఇనుము తిరిగి ఎర్రబడుతుంది. ఇదంతా నాకు తెలుసు. పుస్తకంలో చదివినవాణ్ణే.

పొద్దున తీస్తే పై వరసలన్నీ మచ్చల ఆవులు. లెక్కపెడితే ముప్పైఎనిమిది. మామ కొత్తగా మెత్తిన చోటు చూసి "పిల్లేమన్నా తవ్విందా?" అన్నాడు.

"పిల్లి ఫోను లైటేసుకోని వస్తుందా? నేను కిటికీలోంచి చూస్తానే ఉండా" అంది అత్త. చుట్టూ చేరిన పిల్లలు ఒకటే నవ్వు.

అది తట్టుకున్నాను. తొమ్మిదికి హోటలాయన ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. మామ నా వైపు చూడకుండా "ఆవం తప్పింది సామీ, నాలుగు రోజులాగు" అన్నాడు. హోటలాయన నానా మాటలూ అన్నాడు. వయసైపోయినోళ్ళకు ఆర్డరిస్తే ఇంతేనన్నాడు. మామ తలొంచుకుని విన్నాడు. ఆయన వెనకాలే నిలబడ్డాను. నేను నోరు తెరవలేదు.

మచ్చలు పడినవాటిని మళ్ళీ కాల్చొచ్చు. మర్నాడే కాల్చాడు, నేను కాలవగట్టు మీద కూచున్నాను. నాలుగు పగిలాయి, మిగిలినవి నిగనిగలాడాయి. నా దగ్గర ఊక, కంప ఖర్చు తప్ప ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. నా చట్టి ఒకటి మూతి బూడిదలో కూరుకుపోయి లోపలా అంచూ నలుపు, బయట ఎరుపుగా వచ్చింది. రాకాసి గుళ్ళలో, అంటే బండరాళ్ళు పేర్చి కట్టిన పాత సమాధుల్లో, దొరికే పాతకాలపు కుండలు చాలావరకు ఈ తీరువే. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వను.

నీళ్ళకైతే నల్లది కొనకండి. సందుల్లో మసి కూచుంటుంది కాబట్టి నీళ్ళు చెమర్చడం తగ్గుతుంది, అంతగా చల్లబడవు. ఎర్ర కుండే తీసుకోండి.

చట్టిలో రెండు రోజులుగా గంజి కాస్తున్నాను. ఆదివారం బొచ్చె చేప తెచ్చి, మామిడికాయ వేసి పులుసు పెట్టాలి. హోటలాయన నంబరు అత్త దగ్గర అడిగి రాసుకున్నాను. ఇంకా ఫోన్ చేయలేదు.