కర్సర్ ఒకచోట, బాక్స్ ఇంకోచోట

మా తాతయ్య పద్యాలు రాసుకున్న నోటుబుక్కులు మూడు స్కాన్ చేయించా. ఒక్కో అక్షరం చుట్టూ బాక్స్ గీసి సేవ్ చేస్తూపోతే ఎప్పటికైనా ఆయన చేతిరాత కంప్యూటర్‌కి నేర్పించొచ్చని నా ఆశ. దానికే పైథాన్‌లో టికింటర్‌తో (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) చిన్న ప్రోగ్రాం రాస్తున్నా, పేజీ చూపించడం పది నిమిషాల్లో అయిపోయింది, మౌస్ ఎక్కడుందో పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది.

మొదట ఈజీగానే అనిపించింది. కాన్వాస్‌కి (పేజీ చూపించి, బాక్సులు గీసే చోటు) మోషన్ ఈవెంట్ బైండ్ చేస్తే మౌస్ కదిలినప్పుడల్లా మన ఫంక్షన్ నడుస్తుంది, ఆ ఈవెంట్‌లోనే ఎక్స్, వై ఉంటాయి, కింద స్టేటస్ బార్‌లో అంకెలు చకచకా మారుతుంటే భలే సంతోషమేసింది. (లెక్కల్లో వై పైకి పెరుగుతుంది కదా, ఇక్కడ ఎడమవైపు పై మూల సున్నా, కిందకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది.)

తీరా పేజీ కిందకి స్క్రోల్ చేసి బాక్స్ గీస్తే అది ఎక్కడో పైన పడింది! ఎందుకంటే ఈవెంట్ చెప్పేది కాన్వాస్‌లో మన కళ్లకి కనబడే భాగం అంచు నుంచి లెక్క. 800 పిక్సెల్స్ కిందకి జరిపి ఉంటే ఈవెంట్ 120 అంటుంది, పేజీ మీద మాత్రం అది 920. కాన్వాస్‌ఎక్స్, కాన్వాస్‌వై అని రెండు ఫంక్షన్లున్నాయి, ఈవెంట్ అంకె వాటికిస్తే స్క్రోల్ కలిపి ఇస్తాయి. నేను పేజీని సగం సైజులో చూపిస్తున్నా కాబట్టి ఆ 920ని 0.5తో భాగిస్తేనే అసలు స్కాన్‌లో ఉన్న చోటు, 1840, దొరుకుతుంది. ముందు స్క్రోల్ కలపాలి, తర్వాతే జూమ్, నేను తిరగేసి చేసి ఒక పేజీ బాక్సులన్నీ పాడుచేసుకున్నా.

ఎక్స్ రూట్, వై రూట్ అని ఇంకో జత ఉంది, అవి మొత్తం స్క్రీన్ లెక్క, పాప్అప్ మెనూ పెట్టుకోడానికి బావుంటాయి, బాక్సులకి వద్దు. ఇంకోటి, బటన్ నొక్కిపట్టి కాన్వాస్ దాటి లాగినా ఈవెంట్లు వస్తూనే ఉంటాయి, నాకు మైనస్ 14 వచ్చింది, అందుకే పేజీ అంచు దగ్గర ఆపేలా రాసుకున్నా.

క్యూటీ (టికింటర్ లాంటిదే ఇంకో లైబ్రరీ) వాడేవాళ్లయితే అక్కడ బటన్ నొక్కకుండా మూవ్ ఈవెంట్ రానే రాదు, మౌస్ ట్రాకింగ్ ఆన్ చేయాలి, అదీ విండోకి చేస్తే చాలదు, మౌస్ ఏ విడ్జెట్ (విండోలోని ఒక్కో భాగం) మీద తిరుగుతుందో దానికి చేయాలి.

నిన్న రాత్రి నాలుగో పేజీలో తాతయ్య రాసిన ‘క్ష’ చుట్టూ బాక్స్ గీసి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిచా. సరిగ్గా దాని చుట్టూనే ఉంది. ఆయన క్ష తోక బాగా పొడుగు, కింది లైన్ దాకా దిగుతుంది, అది కూడా మొత్తం బాక్స్‌లో పట్టింది.