చుట్టాలొచ్చే ఇంట్లో ఒకటే కంప్యూటర్: నా అనుభవం

తిరుపతిలో ఇల్లుంటే ఏడాది పొడుగునా చుట్టాలే. కొర్లగుంటలో మా ఇంటికి కొండకు పోయేవాళ్లో, దిగి వచ్చేవాళ్లో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. కాఫీ తాగగానే వాళ్లకు కావలసింది కంప్యూటరే. రూము దొరుకుతుందేమో చూడాలి, 300 రూపాయల దర్శనం టిక్కెట్టు ప్రింటు తీసుకోవాలి. అదే కంప్యూటర్‌లో మా మామయ్య అన్నమయ్య కీర్తనలు వింటారు. యూనివర్సిటీలో చదువుకుంటూ మా దగ్గరే ఉండే బావగారి అబ్బాయి సినిమాలు, గేములు దింపుకుంటాడు. నేను గాంధీ రోడ్డులో కొన్ని అంగళ్లకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లోని వాళ్ల డేటా అంతా అందులోనే ఉంది.

ఒక నెల సరిగ్గా జీఎస్టీ 3బీ రిటర్ను కట్టే 20వ తేదీ దగ్గర పడినప్పుడు స్క్రీన్ కింద కుడి మూలన ఎర్రగా పెట్టెలు రావడం మొదలైంది. మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. మామయ్య భయపడిపోయి ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. ఆ నంబరుకు చేసుంటే అవతలివాళ్లు మన కంప్యూటర్‌ను వాళ్ల చేతుల్లోకి తీసుకునే సాఫ్ట్‌వేర్ వేయించి ఉండేవాళ్లు. ఇట్లాంటి మోసాల్లో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన సైబర్ క్రైమ్ నంబరు 1930. దాన్ని ఆ రోజే పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ పక్కన అంటించాను.

నిజానికి అది వైరస్ కాదు. సినిమాలు దొరికే ఏదో సైటు "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అంటుంది. నొక్కితే రోబో సంగతి ఉత్తిదే, నోటిఫికేషన్లు పంపుకోవడానికి దానికి మనం అనుమతి ఇచ్చినట్టు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి పోయి చూస్తే నోరు తిరగని పేర్లతో సైట్లు వరసగా ఉన్నాయి. అన్నీ తీసేశాను, అసలు ఏ సైటూ అడగకూడదని పెట్టేశాను. పెట్టెలు ఆగిపోయాయి.

వీడియోలు దింపడానికి క్రోమ్‌కు తగిలించే ఎక్స్‌టెన్షన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి మాత్రం మొండికేసింది. ఏది వెతికినా తన సొంత పేజీకి తీసుకుపోయేది. తీసేస్తే మర్నాటికి మళ్లీ ప్రత్యక్షం. విండోస్‌తోనే వచ్చే వైరస్ స్కానర్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టి చూశాను. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతికే పద్ధతి అది. ఏమీ దొరకలేదు. చివరికి తెలిసిందేమంటే, అబ్బాయి తన గూగుల్ అకౌంట్‌తో క్రోమ్‌లో సింక్ పెట్టుకున్నాడు, అంటే ఒక చోట క్రోమ్‌లో వేసుకున్నది తను లాగిన్ అయిన అన్ని చోట్లకీ వస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో వాడు వేసుకున్నది సింక్ ద్వారా మా ఇంటికీ వస్తోంది. వాడి అకౌంట్‌లోనే దాన్ని తీయించాక పీడ విరగడైంది.

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ సైటుకు పోవద్దు, ఆ సైటుకు పోవద్దు అని చెప్పి లాభం లేదని నాకు అప్పుడే అర్థమైంది. ఈ వారం చెప్తే వచ్చే వారం కొత్త చుట్టాలొస్తారు. ఎవరు ఎక్కడికి పోయినా నా ఫైళ్లకు దెబ్బ తగలకుండా చూసుకోవడమే దారి.

అందుకే విండోస్‌లో ఎవరి అకౌంట్ వాళ్లకు పెట్టాను. కంప్యూటర్ మొత్తాన్నీ మార్చే అధికారం ఉన్న అడ్మినిస్ట్రేటర్ ఒకటే, దాన్ని రోజూ నేను కూడా వాడను. మామయ్యకు, అబ్బాయికి, నాకు మామూలు స్టాండర్డ్ అకౌంట్లు. "చుట్టాలు" అనే పేరుతో ఇంకొకటి. ఆ చుట్టాల అకౌంట్‌లో బ్రౌజర్ మూయగానే, లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలన్నీ చెరిగిపోయేలా పెట్టాను. లేకపోతే పాపం, వాళ్ల జీమెయిల్ తెరిచే ఉంచి ఊరెళ్లిపోతారు. టీటీడీ పేరుతో నకిలీ సైట్లు ఎన్నో తిరుగుతున్నాయి కాబట్టి, చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉండే అసలు సైటునే తెరవగానే వచ్చేలా చేశాను. గూగుల్‌లో వెతికే పని లేదు.

మర్నాడే అబ్బాయి వచ్చాడు. "పిన్నీ, దింపిన సినిమా తెరుద్దామంటే పాస్‌వర్డ్ అడగతా ఉంది."

"ఎక్కడిది నాయనా అది? చూపించు."

ఫైలు పేరు చూస్తే వీడియోలాగే ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి పోయి, ఫైలు రకం చెప్పే చివరి అక్షరాలను చూపించే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్ పెట్టాను. చివర ఈఎక్స్‌ఈ అని బయటపడింది. ఇది వీడియో కాదు, నడిచే ప్రోగ్రామ్. వాడే తీసేశాడు.

స్టాండర్డ్ అకౌంట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. కొన్ని ప్రోగ్రాములు అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకుండానే ఆ మనిషి ఫోల్డర్‌లో ఎక్కేస్తాయి. అయితే ఆ నష్టం చాలావరకు ఆ మనిషి ఫైళ్లతోనే ఆగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది డి డ్రైవ్. యూజర్స్ ఫోల్డర్‌లో ఉన్నవి ఒకరివి ఒకరికి తెరుచుకోవు కానీ, డి డ్రైవ్‌లో ఉన్నవాటిని మామూలుగా ఏ అకౌంట్ నుంచైనా తెరవొచ్చు, మార్చొచ్చు, చెరపొచ్చు. నా టాలీ డేటా ఉన్నది అక్కడే! అబ్బాయి అకౌంట్‌లోకి పోయి చూస్తే అంగళ్ల లెక్కలన్నీ చక్కగా తెరుచుకున్నాయి. వెంటనే ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి పోయి, ఇన్‌హెరిటెన్స్ (పై డ్రైవ్ అనుమతులే ఫోల్డర్‌కూ దిగిరావడం) ఆపి, అన్ని అకౌంట్లకూ దారి ఇచ్చే యూజర్స్, ఆథెంటికేటెడ్ యూజర్స్ అనే రెండు పేర్లనూ తీసేశాను. నా పేరు, అడ్మినిస్ట్రేటర్స్, సిస్టమ్ ఉంచాను. మళ్లీ వాడి అకౌంట్ నుంచి నొక్కితే అనుమతి లేదంది. అకౌంట్లు వేరు చేసినవాళ్లు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేసుకోవాలి.

రౌటర్‌లో, సైటు పేరును బట్టి దాని అడ్రసు వెతికిపెట్టే డీఎన్ఎస్‌గా 1.1.1.2 పెట్టాను. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, తెలిసిన మాల్‌వేర్ సైట్లను తెరుచుకోనివ్వదు. పెద్దలకు మాత్రమే అనే సైట్లు కూడా వద్దనుకునే ఇళ్లకు 1.1.1.3 ఉంది. టాలీ బ్యాకప్ బయటి హార్డ్‌డిస్క్‌లో తీసుకుంటాను. కాపీ అవగానే వైరు పీకేసి బీరువాలో పెడతాను.

మా కంప్యూటర్ పాతది, దానికి విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ప్రస్తుతానికి పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకున్నాను. ఆ గడువు తీరేలోపు జీఎస్టీ పనికి నాకొక ల్యాప్‌టాప్ తీసుకోవాలని మా ఆయనా నేనూ అనుకున్నాం. పాతదాంట్లో విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కిస్తానని అబ్బాయి అంటున్నాడు. మామయ్య కీర్తనలకు, చుట్టాల టిక్కెట్లకు అది చాలు.