బాక్సర్ పేరు మోసే నంబర్ ప్లేటు

బ్రిటన్‌లో నంబర్ ప్లేటు చదవడం తెలిసినవాడు కారు వయసు ఎవరినీ అడగనక్కరలేదు. 2001 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో మొదటి రెండక్షరాలు బండి ఏ ప్రాంతంలో రిజిస్టరయిందో చెబుతాయి, తరువాతి రెండంకెలు ఏ ఆరు నెలల్లో రోడ్డెక్కిందో చెబుతాయి, చివరి మూడక్షరాలు ఏ అర్థమూ లేకుండా వచ్చేవి. 24 అని ఉంటే 2024 మార్చి తరువాతిదనీ, 74 అని ఉంటే అదే ఏడాది సెప్టెంబరు తరువాతిదనీ బడిపిల్లలు కూడా చెప్పేస్తారు. మన దగ్గర ఇంటి ముందు కారు ఉండడమే గొప్ప. అక్కడ ఆ కారు ఏ ఏటిదో కూడా వీధి మొత్తానికి తెలిసిపోతుంది. సొంత పేరు కనిపించేలా నంబరు కొనుక్కునే మోజు ఆ దేశంలో అంతగా ఎందుకుందో, అందులోనూ బాక్సర్లకు మరీ ఎక్కువ ఎందుకుందో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఎమ్మెస్సీ చదవడానికి షెఫీల్డ్ వెళ్లిన నాకు ఈ సంగతులన్నీ ఒక కారు విడిభాగాల దుకాణంలో తెలిశాయి. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు కాబట్టి శని, ఆదివారాలూ కొన్ని సాయంత్రాలూ అక్కడ పనికి కుదిరాను. యజమాని తండ్రి పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మీర్‌పూర్ నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడ్డవాడు. మా నిజామాబాదు ఉర్దూ విని యజమాని నవ్వేవాడు గాని, ఆ ఉద్యోగం నాకు దొరికింది మాత్రం నా డిగ్రీ వల్ల కాదు, ఆ ఉర్దూ వల్లే. ఆయన్ను చాచా అని పిలిచేవాణ్ని. మొదటి వారం పెట్టెలు మోయించి, తరువాత నన్ను నంబర్ ప్లేట్ల కౌంటర్లో కూర్చోబెట్టాడు.

అక్కడ ప్లేటు ఎవరు పడితే వాళ్లు చేసి ఇవ్వడానికి వీల్లేదు. స్వాన్సీలో ఉన్న డీవీఎల్ఏ అనే రవాణా కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్న దుకాణమే చేయాలి. వచ్చినవాడి డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఆ నంబరు అతనిదేనని చూపే కాగితం కూడా చూసి రాసిపెట్టుకోవాలి. బండికి ఉన్న నంబరైతే లాగ్‌బుక్ అని పిలిచే వీ5సీ, కొత్తగా కొన్నదైతే వీ750, పాత బండి నుంచి తీసి అట్టిపెట్టుకున్నదైతే వీ778. చేసిన ప్లేటు కింద దుకాణం పేరూ పోస్ట్‌కోడూ ఉండాలి కనుక, ఏ తేడా వచ్చినా పోలీసులు తిన్నగా చాచా గడపకే వస్తారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఎంత డబ్బు పోసి కొన్నా ఆ నంబరు కొన్నవాడి ఆస్తి కాదు. దాన్ని బండికి పెట్టుకునే హక్కు మాత్రమే అతనిది. ఆ హక్కుకే 2014 నవంబరులో డీవీఎల్ఏ వేలంలో '25 ఓ' అన్న నంబరుకు ఒక ఫెరారీ వ్యాపారి 5,18,000 పౌండ్లు పెట్టాడు. దానికి ముందు 2008లో బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన కార్ల డిజైనర్ అఫ్జల్ కాన్ 'ఎఫ్ 1'ను 4,40,625 పౌండ్లకు కొన్నాడు. పక్క ఊరివాడు కావడం వల్ల చాచా ఈ కథను తన ఇంటి పెళ్లి ముచ్చటలా చెప్పేవాడు. మా కౌంటర్‌కు వచ్చేవాళ్లు ఆ తరగతివాళ్లు కారు. డీవీఎల్ఏ దగ్గర 250 పౌండ్ల నుంచి దొరికే నంబర్లు, మహా అయితే కొన్ని వేల పౌండ్లవి పట్టుకొచ్చేవాళ్లు.

వాళ్లలో బాక్సర్లు నేను ఊహించనంత మంది ఉండేవాళ్లు. షెఫీల్డ్ బాక్సింగ్ ఊరు. విన్‌కోబ్యాంక్ పేటలో చర్చికి చెందిన హాల్లో బ్రెండన్ ఇంగిల్ నడిపిన జిమ్ నుంచి నసీమ్ హమీద్, జానీ నెల్సన్, కెల్ బ్రూక్ లాంటి ప్రపంచ విజేతలు వచ్చారు. 2017 మే 27న బ్రూక్ అదే ఊళ్లోని బ్రామల్ లేన్ ఫుట్‌బాల్ మైదానంలో ఎరల్ స్పెన్స్ చేతిలో ఓడిన రాత్రి గురించి మా దుకాణానికి వచ్చే ప్రతివాడూ తానే రింగు పక్కన కూర్చున్నట్టు చెప్పేవాడు. మాది నిజామాబాదని తెలిసి చాచా "నిఖత్ జరీన్ మీ ఊరి పిల్లేనా?" అని అడిగాడు. అవునన్నాక బాక్సర్ ఎవరొచ్చినా నన్ను అలాగే పరిచయం చేసేవాడు. ఆ పరిచయంతో నాకు కొంత మర్యాద పెరిగింది గాని, రెండు లోకాలకు ఎంత తేడా ఉందో కూడా దాంతోనే తెలిసింది. నిఖత్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది దేశం జెర్సీ వేసుకుని. తెలంగాణ ప్రభుత్వం ఆమెను డీఎస్పీని చేసింది. ఇంగ్లండ్‌లో డబ్బు కోసం కొట్టుకునే ప్రొఫెషనల్‌కు జెర్సీ లేదు, సర్కారు ఉద్యోగం లేదు. అతని పెట్టుబడి అతని పేరే.

ఈ పేరు సంగతి టికెట్ల దగ్గర బయటపడుతుంది. టీవీలో కనిపించే పెద్ద పోటీల మాట వేరు. ఊరి హాళ్లలో, క్లబ్బుల్లో జరిగే చిన్న పోటీల్లో స్థానిక కుర్రాడు తన టికెట్లు తానే అమ్ముకోవాలి. ఎదురుగా దిగేవాడికి ఇవ్వాల్సిన డబ్బు ఆ టికెట్ల మీదే రావాలి, మిగిలిందే ఇతని సంపాదన. మా దగ్గరికి వచ్చే ఒక యువకుడు పొద్దున్న పరుగు, మధ్యాహ్నం జిమ్ అయ్యాక, చీకటి పడేదాకా టికెట్లు పట్టుకుని ఊరంతా తిరిగేవాడు. అతని పాత ఆడీ ముందు సీట్లో గ్లవ్స్ సంచీ, దాని మీద రబ్బరు బ్యాండు వేసిన కవర్లు, ఒక్కో కవరు మీద కొన్నవాడి పేరూ ఇవ్వాల్సిన బాకీ రాసి ఉండేవి. మేనమామలు, మంగలి షాపువాడు, పాత బడి స్నేహితులు, స్నేహితుల స్నేహితులు కొనే ఆ టికెట్లతోనే అతని ఇల్లు గడిచేది. అలాంటివాడికి తన పేరు చదవగలిగే ప్లేటు నడిచే పోస్టరు. పెట్రోలు బంకులో ఆగితే పక్కవాడు చదివి "నువ్వు ఫలానా కదూ, ఎప్పుడు పోటీ?" అంటాడు, ఆ మాటకు జవాబుగా అతను కవరు తీస్తాడు. జంబానికి కొనేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ నేను చూసినవాళ్లలో సగం మందికి అది దుకాణం ముందు బోర్డు.

రెండో కారణాన్ని ఎవరూ తమ నోటితో చెప్పరు. బాక్సర్ చేతికి డబ్బు వర్షాకాలపు వాగులా ఒక్కసారిగా వచ్చి తరువాత నెలల తరబడి ఎండిపోతుంది. గెలిచినప్పుడు లీజుకు తీసుకున్న కొత్త రేంజ్ రోవర్ గాయం తగిలి ఆరు నెలలు ఖాళీగా కూర్చుంటే వెనక్కి వెళ్లిపోతుంది, దాని చోట ఏడెనిమిదేళ్ల కారు వస్తుంది. మామూలు ప్లేటుంటే ఆ దిగజారుడు జిమ్‌లో అందరికీ ఒక్క చూపులో తెలుస్తుంది. సొంత నంబరుంటే తెలియదు. బండిని దాని వయసుకన్నా కొత్తగా చూపే నంబరు పెట్టకూడదన్నది చట్టం. వయసే చెప్పని నంబరు పెట్టుకోవచ్చు. ఉత్తర ఐర్లండ్ నంబర్లలో ఇంగ్లీషు ఐ గాని జెడ్ గాని ఉండి సంవత్సరం సూచించే అంకెలు ఉండవు కాబట్టి, చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లు వాటినే తీసుకునేవాళ్లు.

ఇక అడిగే అక్షరాలు చూస్తే సరదాగా ఉండేది. నాకౌట్‌ను సూచించే 'కేఓ' అందరికీ కావాలి. 2001కి ముందు అది కెంట్ జిల్లాకు చెందిన గుర్తు, ఇప్పటి పద్ధతిలో నార్తాంప్టన్‌ది. ఆ ఊళ్లలో మామూలుగా కారు కొన్న ఏ పంతులుగారికైనా అడగకుండానే వచ్చే ఆ అక్షరాలకు మా కుర్రాళ్లు డబ్బు పెట్టేవాళ్లు. 'బీఓఎక్స్' పాత బర్మింగ్‌హామ్ వరసది. నాలుగు ప్రపంచ బాక్సింగ్ సంఘాల పేర్లలో డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీఓ చివరి మూడక్షరాలుగా సరిపోతాయి గాని ఐబీఎఫ్ కుదరదు, ఎందుకంటే ఒకటితో పొరబడతారని ఆ చోట ఐ అక్షరాన్ని వాడరు. ఈ మాట చెబితే ఒకడు నా మీదే కోప్పడ్డాడు, ఆ నియమం నేనే పెట్టినట్టు.

అసలు గొడవంతా ప్లేటు తయారీలో వచ్చేది. ముందు ప్లేటు తెలుపు, వెనకది పసుపు, సాధారణ కొలత 520 మిల్లీమీటర్లకు 111. అక్షరం ఎత్తు 79, వెడల్పు 50, గీత మందం 14, అక్షరాల మధ్య 11, రెండు గుంపుల మధ్య 33 మిల్లీమీటర్లు. కంప్యూటర్లో నంబరు కొట్టి, అచ్చయిన పొరను పారదర్శకమైన పలకకు అంటించి, వెనక మెరిసే రేకు పెట్టి రోలర్ గుండా తోస్తే పది నిమిషాల్లో ప్లేటు చేతికొస్తుంది. మధ్యలో గాలి బుడగ చిక్కితే అంతా పారేయాలి. కొనుక్కున్నవాడికి మాత్రం ఈ కొలతలు అక్కరలేదు; 5ను ఎస్‌గా, 4ను ఏగా, 3ను ఈగా చదివించాలి, అక్షరాల మధ్య ఖాళీ జరిపి ఇంటిపేరు ఒక్క ముక్కగా కనిపించాలి, రెండు ఒకట్ల మధ్య నల్ల స్క్రూ బిగించి హెచ్ చేయాలి. అలా చేస్తే వెయ్యి పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు, బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్షలో తప్పుతుంది, నంబరునే వెనక్కి లాక్కునే అధికారం కూడా డీవీఎల్ఏకు ఉంది. ఒక హెవీవెయిట్ కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడి, "నౌ దెన్, ఆ ఖాళీ కాస్త మూసెయ్యి, ఎవరికి తెలుస్తుంది?" అన్నప్పుడు ఈ కొలతలు చదివి వినిపించడం నా పని. చాచా వెనక గదిలోంచి బయటికి రాకుండానే "కింద నా పేరుంది బాబూ, నీ పేరు కాదు" అని కేకేసేవాడు. ఆ మాటతో అతను తగ్గాడు. పేరు విలువ బాక్సర్‌కు వేరే చెప్పాలా!

ఈ మోజు అసలు లేని బాక్సర్లు కూడా ఉన్నారు. ఊరూరా తిరిగి, రెండు మూడు రోజుల ముందు ఫోనొస్తే చాలు పరాయి మూలలో దిగి, స్థానిక కుర్రాడి చేతిలో పాయింట్ల మీద ఓడి, ఒప్పుకున్న డబ్బు తీసుకుని అదే రాత్రి ఇల్లు చేరేవాళ్లను అక్కడ జర్నీమన్ అంటారు. బర్మింగ్‌హామ్‌కు చెందిన పీటర్ బక్లీ 2008లో ఆట మానేటప్పటికి 300 పోటీలాడి 256 ఓడిపోయాడు. టికెట్లు అమ్మే బాధ్యత వీళ్లకు ఉండదు, పేరు మోగాల్సిన పనీ లేదు. అలాంటివాళ్లలో ఒకడు మా దుకాణానికి వైపర్లు, ఇంజిన్ ఆయిల్ కొనడానికి వచ్చేవాడు గాని ప్లేట్ల కౌంటర్ వైపు తలతిప్పి చూసేవాడు కాదు. నంబరు మామూలుదైతేనే హాయి, ఎక్కడ బండి ఆపుకున్నానో ఎవరికీ తెలియకూడదు అనేవాడు. పేరున్న ప్లేటు ఇంటి దారి చూపిస్తుందన్న భయం గెలిచేవాళ్లకు కూడా లేకపోలేదు; పోటీకి వెళ్లిన రాత్రి ఇల్లు ఖాళీగా ఉంటుందని ఊరంతటికీ తెలుసు కదా.

మనవాళ్లను కూడా ఆ కౌంటర్ దగ్గర చూశాను. సాయి అని చదివించే 'ఎస్ 41', రెడ్డి అని చదివించే 'ఆర్ 3 డీడీవై' లాంటి వరసల ధర కనుక్కునే ఐటీ ఉద్యోగులు, డాక్టర్లు వచ్చేవాళ్లు. కొందరు అక్షరాలు పట్టించుకోకుండా అంకెలన్నీ కూడి తొమ్మిది వస్తోందా అని వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు. హైదరాబాద్‌లో 2024లో 9999 నంబరుకు వేలంలో 25 లక్షల రూపాయలకు పైగా పలికిందని చాచాకు చెబితే, అందులో ఎవరి పేరుందని అడిగాడు. ఎవరి పేరూ లేదంటే చాలాసేపు నమ్మలేదు. మనం అంకె నుంచి అదృష్టం కోరతాం, వాళ్లు అక్షరం నుంచి గుర్తింపు కోరతారు. నాకైతే బాక్సర్ల లెక్కే నయమనిపించింది, కనీసం టికెట్లు అమ్ముడుపోతాయి.

ఓడిన తరువాత వచ్చేవాళ్లతో మాట్లాడడమే కష్టంగా ఉండేది. కారు లీజు తీరి వెనక్కి పోతోందంటే దాని మీది నంబరును 80 పౌండ్లు కట్టి విడదీసి కాగితం రూపంలో అట్టిపెట్టుకోవచ్చు, ఆ కాగితం 10 ఏళ్లు చెల్లుతుంది. అది మరచి కారును అలాగే అప్పగిస్తే నంబరు కూడా దాంతోనే పోతుంది. కొందరు అమ్మేయమని అడిగేవాళ్లు. చాచా రెండక్షరాల పొట్టి నంబరైతే వెంటనే బేరం మొదలుపెట్టేవాడు, పూర్తి ఇంటిపేరున్నదైతే దణ్ణం పెట్టేవాడు, ఆ పేరున్న ఇంకో మనిషి దొరకాలి గనుక. అలా మిగిలిపోయిన నంబర్లను కొన్నేళ్లకు ప్లంబింగ్ వ్యానుకో, పిల్లలకు బాక్సింగ్ నేర్పే జిమ్ మినీబస్సుకో పెట్టించుకోవడానికి అదే మనుషులు మళ్లీ వచ్చేవాళ్లు. అప్పుడు కూడా చాచా ఒక్క పౌండు తగ్గించేవాడు కాదు. ఊళ్లో ఆ పేరు తెలియని ఇల్లు లేదు కాబట్టి కుళాయి పని ముందు ఇతనికే దొరుకుతుందని ఆయన లెక్క.