తడి సాక్సుల వాసన

విమానంలో వాసనలకు కొదవేం లేదు. ఎవరో బూట్లు విప్పుతారు. పై అరలోని బ్యాగులోంచి ఆవకాయ నూనె కారుతుంది. ముందు ట్రిప్పులో ఓవెన్‌లో ఒలికిన చీజ్ మాడుతుంది. ఆరేళ్లు క్యాబిన్ క్రూగా పనిచేశాక ముక్కు వీటన్నిటినీ ఇట్టే గుర్తుపడుతుంది. ఆ రోజు వచ్చిన వాసన మాత్రం ఏమిటో నాకు అంతుపట్టలేదు.

జూలైలో ఒక వాన పొద్దు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మొదటి ఫ్లైట్. రెండున్నరకే క్యాబ్ వచ్చింది కాబట్టి నిద్ర లేదు, అది కూడా చెప్పుకోవాలి. ఇంజిన్లు స్టార్ట్ చేయగానే, తడిసిన సాక్సులు మూటగట్టి మూడు రోజులు మర్చిపోతే వచ్చే కంపు ఒకటి గుప్పుమని వచ్చి పోయింది. వానాకాలం, తేమ అనుకున్నాం. దారిలో ఏమీ లేదు. ఢిల్లీకి దిగడం మొదలై, ఇంజిన్ల చప్పుడు ఒక్కసారిగా తగ్గినప్పుడు మళ్లీ వచ్చింది. ఈసారి పోలేదు.

వెనక గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో ఉన్నాను. ఓవెన్లు తెరిచి చూశాను. కాఫీ మేకర్ మీద చెయ్యి పెట్టాను. టాయిలెట్ చెత్తబుట్ట, చివరి వరుసల పై అరలు... ఎవరి పవర్ బ్యాంకైనా వేడెక్కిందేమో అని అన్నీ వెతికాను. ఎక్కడా ఏమీ లేదు. వాసన గాలి వచ్చే సందుల్లోంచే వస్తోంది. ఇంటర్‌ఫోన్‌లో ముందున్న సీనియర్‌కి చెబితే "ఇక్కడేం లేదే" అంది. అబద్ధం కాదు, ముందు నిజంగానే లేదు.

చివరి వరుసలో ఒక పెద్దాయన "ఆ మాస్కులు వదలొచ్చు కదమ్మా" అన్నారు. పైనుంచి జారే ఆ ఆక్సిజన్ మాస్కులు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోయినప్పటి కోసం. చుట్టూ ఉన్న గాలిని కూడా ఆక్సిజన్‌తో కలిపే ఇస్తాయి, కాబట్టి పొగకీ వాసనకీ పనికిరావు. అదంతా చెప్పే ఓపిక లేక "దిగిపోతున్నాం సార్" అన్నాను. అప్పటికే నోట్లో పాత పైసా బిళ్ల చప్పరిస్తున్నట్టు ఉంది. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. హిందీ అనౌన్స్‌మెంట్ నా వంతు. "కుర్సీ కీ..." అని ఆగిపోయాను. వందలసార్లు చెప్పిన మాట. 'పేటీ', అంటే బెల్టు, అన్నది ఎంతకీ నోటికి రాలేదు. పక్క జంప్‌సీట్లోని అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

కింద ఇంజినీర్లు వచ్చి చూశారు, ఏమీ దొరకలేదన్నారు. క్లీనింగ్‌కి వచ్చినామె మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను టాయిలెట్లో వాంతి చేసుకుని, లిప్‌స్టిక్ సరిచేసుకుని, అదే విమానంలో డ్యూటీ చేస్తూ హైదరాబాద్ తిరిగొచ్చాను. ఎందుకంటే ఏం చెప్పను? నా వల్ల ఫ్లైట్ ఆలస్యమైందనే మాట పడాలని ఎవరికీ ఉండదు. సిక్ లీవ్ ఫారంలో 'అలసట' అని రాశాను. ఆ ఒక్క మాట తర్వాత చాలా ఇబ్బంది పెట్టింది.

మర్నాడు లేచేసరికి తల బద్దలైపోతోంది. మూడో రోజుకి మెట్లు దిగుతుంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. రూమ్మేట్ పెర్ఫ్యూమ్ కొట్టుకుంటే కడుపులో తిప్పేది. అమ్మ ఫోన్‌లో నా గొంతు విని "ఇంటికి రా" అంది. బస్సెక్కి నర్సంపేట దగ్గర మా ఊరికి వెళ్లిపోయాను.

మాది పత్తి, మిర్చి పండించే ఇల్లు. నేను చెప్పిందంతా విని బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చేన్ల పురుగుమందు కొట్టొచ్చిన నాడు నాకు గిట్లనే అయితది బిడ్డా. తల తిరుగుడు, చేతులు తిమ్మిరి. నువ్వు ఏ.సి.లో ఉంటవ్, నీకెందుకైతది?" అన్నాడు.

హన్మకొండలో బాపుకి తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లాం. పురుగుమందు కొట్టి పడిపోయిన రైతుల్ని ఏటా చూసే మనిషి. "మీ విమానంలో పత్తి చేను ఉందామ్మా?" అని నవ్వారు. నేను ఫోన్‌లో చదివినవి చూపించాక నవ్వు ఆపేశారు.

చదివింది ఇదీ. చాలా విమానాల్లో క్యాబిన్ గాలి ఇంజిన్‌లో గాలిని నొక్కే భాగం, అంటే కంప్రెసర్ నుంచి వస్తుంది. దాన్ని చల్లబరిచి లోపలికి వదులుతారు. బోయింగ్ 787లో ఇలా కాదు, విడిగా ఎలక్ట్రిక్ కంప్రెసర్లు ఉంటాయి. ఇంజిన్‌లో సీల్ సరిగా పట్టకపోతే వేడి ఆయిల్ ఆవిరి ఆ గాలిలో కలవొచ్చు. ఇంజిన్ వేగం మారేటప్పుడు ఇది ఎక్కువ. క్యాబిన్‌లో తిరిగే గాలికి హెపా ఫిల్టర్లు ఉన్నాయి కానీ, అవి పట్టేది ధూళినీ క్రిముల్నీ, ఆవిరిని కాదు. ఆ ఆయిళ్లలో చాలావాటిలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ కొద్దిగా కలుపుతారు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి. మా పొలంలో కొట్టే కొన్ని మందులదీ అదే జాతి, ఆయిల్‌లోది అంత ఘాటు కాకపోవచ్చు. బాపు ముక్కుసూటిగా అన్న మాటలో ఎంతో కొంత రసాయనశాస్త్రం ఉందన్నమాట.

డాక్టరు కోలినెస్టరేజ్ పరీక్ష రాశారు, ఈ జాతి మందుల ప్రభావం ఒంటి మీద ఉందేమో రక్తంలో చూసేది. నార్మల్ వచ్చింది. అప్పటికి ఐదు రోజులైంది, కాబట్టి దీన్నిబట్టి ఔననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను అన్నారు. బి12 తక్కువుందన్నారు. మైగ్రేన్ కావచ్చు, నిద్రలేమి కావచ్చు, గాలే కావచ్చు అన్నారు. ఈ తరహా బాధలకు 1999లో కొందరు పరిశోధకులు ఏరోటాక్సిక్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దాన్ని వ్యాధిగా వైద్యరంగం ఇంకా ఒప్పుకోలేదు. నా మెడ స్కార్ఫ్‌ని జిప్ కవర్లో దాచి తీసుకెళ్లాను, సాక్ష్యమనుకుని. డాక్టరు కవరు విప్పి వాసన చూశారు. పౌడర్ వాసన తప్ప ఏమీ లేదు.

వైద్యం అంటూ పెద్దగా ఏమీ లేదు. బి12 ఇంజెక్షన్లు, వేళకు నిద్ర, ఘాటు వాసనలకు దూరం. అమ్మ అగర్‌బత్తీలు మానేసి దీపం ఒక్కటే పెట్టింది. పక్క చేలో మందు కొడుతున్నారంటే బాపు వాకిట్లో నిలబడి తువ్వాలు ఎగరేసి గాలి ఎటుందో చూసి, "లోపలికి పో" అనేవాడు. ఆయన మాత్రం ముఖానికి ఏమీ కట్టుకోకుండానే కొడతాడు. దీని మీద మా ఇద్దరికీ ఆ నెలలో మూడుసార్లు గొడవైంది. చివరికి మాస్కూ గ్లౌజులూ కొనిపించాను, వాటిని పంపు మీద వేలాడదీసి పనికి పోయేవాడు.

పొద్దున్నే పొలం ఒడ్డు మీద నడిచేదాన్ని. మొదటివారం పది అడుగులకు ఒకసారి కాలు జారేది. నడుస్తూ హిందీ అనౌన్స్‌మెంట్ మొదట్నుంచీ పైకి చెప్పుకునేదాన్ని. బర్రెలు తలెత్తి చూసేవి. పేటీ దగ్గరే ఆగేది. ఆగస్టు చివర్లో ఒకరోజు దాన్ని దాటేసి వెళ్లిపోయాను, దాటానని ఇంకో నాలుగు వాక్యాలయ్యాక తెలిసింది. తలనొప్పి తగ్గడానికి ఇంకో నెల పట్టింది. ఇప్పటికీ పెయింట్ వాసనకి పనికిరాను.

విమానంలో గాలి సంగతి చెబితే కంపెనీ వాళ్లు నా ఫారం తీసి, "మీరే అలసట అని రాశారుగా" అన్నారు. వాళ్ల తప్పు ఎంతో నాకు తెలుసు, అయినా ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇలాంటి ఘటనలకు సిబ్బందికి శిక్షణ ఎలా ఇవ్వాలో, రిపోర్టు ఎలా తీసుకోవాలో చెబుతూ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే సర్క్యులర్ 344 తెచ్చింది. ఎక్కువ విమానాల్లో ఆ ఆవిరిని కొలిచే మీటరు ఉండదు. ఉన్న మీటరు మా ముక్కే. అది చెప్పింది అప్పుడే కాగితం మీద పెట్టకపోతే ఇంకేమీ మిగలదు.

నవంబరులో డ్యూటీకి తిరిగి వెళ్లాను. మూడో వారంలో, వేరే విమానం, మళ్లీ ఢిల్లీకి దిగుతుండగా అదే కంపు. గుండె దడదడలాడింది. ఓవెన్లూ టాయిలెట్లూ చూడమని కొత్తమ్మాయికి చెప్పి, కాక్‌పిట్‌కి ఫోన్ చేశాను. ఎక్కణ్ణుంచి, ఎప్పట్నుంచి, ఎంత ఘాటుగా, ఎవరికేమవుతోంది, అంతే చెప్పాను. పైలట్లు ఇద్దరూ ఆక్సిజన్ మాస్కులు పెట్టుకున్నారు. వాళ్ల మాస్కులు స్వచ్ఛమైన ఆక్సిజనే ఇవ్వగలవు. కొత్తమ్మాయిని ముందుకి పంపేశాను. టైమ్ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను, 8:12.

దిగాక రిపోర్టు రాస్తుంటే ఆ అమ్మాయి, "అక్కా, దీన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారు?" అని అడిగింది.

"డర్టీ సాక్స్. అలాగే రాయి, అందరూ అలాగే రాస్తారు."

తిరుగు ప్రయాణానికి వేరే విమానం ఇచ్చారు. మూడు గంటలు ఆలస్యం. ఎక్కుతూ జనం తిట్టిన తిట్లు మామూలువి కావు. తలుపులు మూసి, ఫోన్ తీసుకుని, కుర్సీ కీ పేటీ బాంధ్ లీజియే అన్నాను.